వద్దనలేని కానుక

వార్సాకా నువ్వు పోయేది? మీ నాయన పోలండ్ అన్నడు గని ఏ పట్నమో చెప్పలే. ఇటు జరిగి కూసో బిడ్డా, పొగంత నీ మొఖానికే కొడ్తున్నది. అక్కడ ఏం చూడాలె అని అడిగినవ్ గద. కోటలు, మ్యూజియంలు నీ ఫోనే చెప్తది. నేను ఒక్క మేడ సంగతి చెప్త. సంస్కృతి, విజ్ఞాన సౌధం అని దాని పేరు. 42 అంతస్తులు, కొన దాంక లెక్కజేస్తే 237 మీటర్లు. 1955 ల తలుపులు తెరిచిండ్రు. దాన్ని చూసి ఆ ఊరోళ్లు మురిసిండ్రా, తిట్టిండ్రా అంటే ఇద్దరు మనుషులు నాకు రెండు తీర్ల చెప్పిండ్రు. వాళ్లిద్దరి నడుమ ఒక ఆదివారమంత తిరిగిన నేను.

నేను పోయింది 1978 ల. బొగ్గుబాయి యంత్రాల పని నేర్చుకునేతందుకు మమ్ములను కొందర్ని పంపిండ్రు. ఉన్నదేమో కటోవిత్సె దిక్కు, సైలీషియా గనుల నడుమ. పొద్దుగాల తెల్లంగి ఉతికి ఆరేస్తే పొద్దూకేవరకు బూడిద రంగుకు వచ్చేది. మాకు పని చూపెట్టే ఫోర్మన్ ఒకాయన ఉండె. తెల్లబడ్డ మీసాలు, మాట తక్కువ. మాటలు అటిటు చెప్పేతందుకు వార్సా నుంచి వచ్చిన చదువుకునే పిల్ల ఒకామె ఉండేది, మా దుబాసి. ఫోర్మన్‌కు రష్యన్ వస్తది, బడిల నేర్పిండ్రు గద, గని నోటికెళ్లి ఒక్క రష్యన్ ముక్క బయటికి రానియ్యడు. మా ఇంజనీర్లకు రష్యన్ వచ్చినా ఏం ఫాయిద లేకపాయె.

ఆయనతోని దోస్తీ ఎట్ల కుదిరిందంటే బండి వల్ల. మన దగ్గర పాలోళ్లు, పట్వారీలు తిరిగిన రాజ్‌దూత్ బండి ఉండె గద, 175 సీసీది. అది పుట్టింది వాళ్ల దేశంల. కీల్త్సె అనే ఊర్ల చేసిన ఎస్‌హెచ్‌ఎల్ బండి. ఎస్కార్ట్స్ కంపెనీ లైసెన్సు తీసుకొని 1960లల్ల ఇక్కడ చేసుడు మొదలువెట్టింది. ఒకనాడు తిండి కాడ కాగితం మీద ఆ బండి బొమ్మ గీసి, మా బాపు దోస్తుకు ఇది ఉన్నది అని చూపెట్టిన. పెట్రోలు ట్యాంకు గీసిన తీరు చూసే గుర్తువట్టిండు. తన వయసుల తను నడిపిన బండి అదే అన్నడు. ఆ దినంకెళ్లి నాకు ఇంకో ముక్క రొట్టె ఎక్కువ వేసెటోడు.

అక్టోబర్ నెల. ఆ నెలలనే వాళ్ల క్రాకోవ్ కార్డినల్ పోపు అయిండు. దేశమంత ఒక తీరు కుషీల ఉన్నది, పైకి మాత్రం ఎవ్వరు ఎక్కువ మాట్లాడరు. అప్పటి సర్కారు అసుంటిది. ఆ కుషీల ఫోర్మనే అన్నడు, వార్సా చూపెడ్త రమ్మని. దుబాసి పిల్ల, నేను, మా బ్యాచిల బెంగాలీ ఆయన, నలుగురం రైలెక్కినం.

వార్సా సెంట్రల్ స్టేషన్ కట్టి అప్పటికి మూడేండ్లే. కొత్త అద్దాలు, మెరిసే నేల. బయటికొచ్చి తల ఎత్తితే ఎదురుంగ అదే. తల ఎంత వెనుకకు వంచినా కొన అందలే. టోపీ పడిపోయింది నాది. మెట్లు మెట్లుగ పైకి సన్నబడుకుంట పోతది, అంచులకు రాతి పువ్వులు, కంగూరలు. మాస్కోల స్టాలిన్ కట్టించిన ఏడు మేడలున్నయి గద, ఆ కుటుంబానిదే ఇది. గీసినాయన లేవ్ రుద్‌నేవ్, మాస్కో విశ్వవిద్యాలయం మేడ కూడ ఆయనదే. ఈ పోలండ్ పని చేతికొచ్చినంక క్రాకోవ్, జమోష్చ్ అసుంటి పాత ఊర్లు తిరిగి, అక్కడి ఇండ్ల నెత్తిన ఉన్న కంగూరలు చూసి, వాటినే దీని మీద పెట్టిండట. పోలండోళ్లకు తమదే అనిపియ్యాలె అని. ఎంత అనిపిచ్చిందో ఫోర్మన్ మొఖం చూస్తె తెలుస్తుండె. సిగరెట్ ముట్టిచ్చి దాని దిక్కు వీపు పెట్టి నిలవడ్డడు.

సోవియట్ దేశం ఇచ్చిన కానుక అది. 1952 మే 2 నాడు పని మొదలైంది, 1955 జులైకి అయిపోయింది. మూడేండ్లు. 4 కోట్ల ఇటుకలు. 3288 అర్రలు. ఎవడో ఓపికతోని లెక్కవెట్టిండు. అక్కడికెళ్లి 3500 మంది దాంక పనోళ్లు వచ్చిండ్రు. వాళ్ల కోసం ఊరవతల యెలోంకిల చెక్క ఇండ్లతోని ఒక పేటనే కట్టిండ్రు, సినిమా టాకీసుతోని సహా. పని అయినంక అవి చదువుకునే పిల్లలకు ఇచ్చిండ్రు. పనిల 16 మంది సచ్చిపోయిండ్రు, వాళ్ల బొందలు అక్కడి ఆర్థడాక్స్ శ్మశానంల ఉన్నయి. కానుక ఇచ్చినోళ్ల పిల్లలే గద వాళ్లు కూడ. ఈ ముచ్చట ఫోర్మన్‌కు తెలుసు. తిట్టేటప్పుడు ఎన్నడు వాళ్లను తిట్టలే.

కానుక అంటే వద్దనవచ్చు గద అంటవా? స్టాలిన్ ఇస్త అన్నంక వద్దు అనే నోరు అప్పుడు వాళ్లకు లేకుండె. మెట్రో రైలు అడుగుదామా, ఇండ్లు అడుగుదామా అని వీళ్లు కొట్టుకున్నరు అని జనం చెప్పుకుంటరు. నిజమో కథనో గని మెట్రో మాత్రం 1995 దాంక రాలే. ఇంకొకటి నేను తర్వాత ఎన్నో ఏండ్లకు చదివిన. మేడ ఎంత ఎత్తు ఉండాలె అని తేల్చుకునేతందుకు విస్తుల నది అవతలి ఒడ్డున ఆర్కిటెక్టులు నిలవడ్డరట. ఇవతల జాగ మీద ఒక చిన్న విమానం బుగ్గ కట్టుకొని చక్కర్లు కొట్టిందట. ముందుగాల 100 మీటర్లు, తర్వాత ఇంకింత పైకి. 120 కాడ రుద్‌నేవ్ చాలు అన్నడు. పోలండోళ్లే ఇంకా పైకి, ఇంకా పైకి అని ఒర్రిండ్రట. చూసినవా? ఒకదిక్కు గొంతుల పచ్చి వెలక్కాయ, ఒకదిక్కు మా ఊరి మేడ పొట్టిగ ఉండొద్దు అని పోటీ. మనిషి అంటే అంతే మరి. ఫోర్మన్‌కు ఈ ముచ్చట చెప్పే మోక నాకు దొరకలే.

ముంగట మైదానం ఉంటది, పరేడ్ మైదానం. అంత పెద్ద ఖాళీ జాగ పట్నం నడిబొడ్డున ఎట్లొచ్చింది అని నేను అడిగిన. దుబాసి పిల్ల జవాబు చెప్పకముందే ఫోర్మన్ నడుచుడు మొదలువెట్టిండు. ఒక దీపస్తంభం కాడికి పోయిండు, అక్కడికెళ్లి అడుగులు లెక్కవెట్టుకుంట ఏటవాలుగ పోయిండు. ఆగిండు. బూటు మడిమెతోని రెండుసార్లు నేలను తట్టిండు. ఇక్కడ మా ఇంటి దర్వాజ అన్నడు. ఇంకింత జరిగి, ఇది లోపలి వాకిలి, నీళ్ల పంపు అన్నడు. అంతట రాతి పలకలే, ఏ గుర్తు లేదు. గని ఆయనకు గోడలు కనవడ్తున్నయి. గోడ ఉన్నకాడ చుట్టు తిరిగి వచ్చిండు గని మీదికెళ్లి అడుగు వెయ్యలే.

1944 ఆగస్టుల వార్సా జనం జర్మనోళ్ల మీద తిరగవడ్డరు. 63 దినాలు కొట్లాడిండ్రు. ఓడినంక హిట్లర్ హుకుంతోని మిగిలిన ఇండ్లను కూడ వీధి తర్వాత వీధి కాలబెట్టి, మందుపాతర్లు పెట్టి పేల్చిండ్రు. నూటికి 80కి పైన పోయింది పట్నం. ఆ పోనిదాంట్ల ఫోర్మన్ వాళ్ల ఇల్లు ఒకటి. సగం కూలింది, సగం నిలవడ్డది. యుద్ధమైనంక నిలవడ్డ సగంల ఏడేండ్లు బతికిండ్రు. తర్వాత సౌధానికి జాగ కావాలె అని కాగితం వచ్చింది. అసుంటి ఇండ్లు అక్కడ మస్తు కూలగొట్టిండ్రు, వీధులకు వీధులే పటం మీదికెళ్లి పోయినయి. ఫోర్మన్ అన్నడు, దుబాసి పిల్ల మెల్లగ చెప్పింది: దుష్మన్ బాంబులకు పోని ఇల్లు దోస్తుల కానుకకు పోయింది అని.

పైకి పోదాం రా అని పిలిస్తే ఆయన రానన్నడు. మీరు పోయిరండ్రి, నేను ఇక్కడ ఉంట అని దర్వాజ బయటనే ఆగిండు. బెంగాలీ ఆయన ఇంత దూరం వచ్చి ఇదేం పట్టు అన్నడు. నాకు మాత్రం కొత్తగ అనిపియ్యలే. మా బాపు యాదికొచ్చిండు.

మన ఊరి గడి నువ్వు చూసినవ్ గద, ఇప్పుడు సగం గోడలే ఉన్నయి. దొర పట్నం పారిపోయి కొన్నేండ్లయినంక దాంట్ల సర్కారు బడి పెట్టిండ్రు. నేను ఓనమాలు దిద్దింది గడిలనే. మా బాపు ఆ గడి ముంగట వెట్టి చేసినోడు, ఎండల వంగబెట్టి వీపు మీద బండ పెట్టిచ్చుకున్నోడు. నన్ను చెయ్యి పట్టుకొని తోలుకొచ్చి పెద్దదర్వాజ కాడ ఇడిసెటోడు. పంతులు లోపలికి రమ్మని ఎన్నిమాట్ల పిలిచినా ఒక్కనాడు ఆ గడప దాటలే. నాకేమో గడి అంటే దూలాల మీది పావురాలు, ఎండకాలంల కాళ్లకు చల్లగ తాకే బండలు. దొర ఎట్ల ఉంటడో నేను చూసి ఎరుగ. బాపు ఎందుకు రాడో ఆ వయసుల సమజ్ కాలే. వార్సాల ఆ దర్వాజ కాడ నిలవడ్డ ఫోర్మన్‌ను చూస్తే సమజైంది.

సరే, పైకి ఎక్కినం. లోపల పాలరాయి, పెద్ద పెద్ద దీపాల గుత్తులు. లిఫ్టు నడిపేతందుకు ఒక ఆమె స్టూలు మీద కూసొని ఉండె, నవ్వదు, చూడదు, బటన్ వొత్తుతది. చెవులు దిబ్బడ వడ్డయి. 30వ అంతస్తుల దించింది. 114 మీటర్ల ఎత్తు. చుట్టూత రాతి కమాన్లు, కమాన్లకు ఇనుప జాలీలు. గాలి మాత్రం అబ్బ! కోటు గుండీలు పెట్టుకునే సందియ్యలే. టోపీ ఈసారి చేతుల పట్టుకున్న.

ఇక దుబాసి పిల్ల నోరు తెరిచింది చూడు. కింద ఫోర్మన్ ఉన్నంతసేపు మెల్లగ మాట్లాడింది, పైన చిన్నపిల్ల అయిపోయింది. ఆమె పుట్టి పెరిగింది ఈ మేడ నీడలనే. ఈత నేర్చుకున్నది ఈ మేడల, పిల్లల కోసం యువజన భవనం అని ఒక భాగం ఉంటది, దాంట్ల కొలను ఉన్నది. మొదటి తోలుబొమ్మలాట చూసింది ఇక్కడనే, లాల్కా అని బొమ్మలాట థియేటర్. నాటకశాలలు, సినిమా హాళ్లు, సైన్సు అకాడమీ అన్ని ఇదే గోడల నడుమ. దగ్గర దగ్గర 3000 మంది కూసునే సభామందిరం ఒకటి. అండ్ల పార్టీ మహాసభలు జరిగేది. 1967 ల లండన్ పాటగాళ్లు రోలింగ్ స్టోన్స్ వచ్చి పాడింది కూడ అండ్లనే. టికెట్లు ఎక్కువ పార్టీ పెద్దమనుషులకే పోయినయట, బయట పోరగాండ్లు పోలీసోళ్లతోని కొట్లాడిండ్రట. నవ్వుకుంట చెప్పింది.

ఒక నవ్వుల ముచ్చట కూడ చెప్పింది, చెప్పేముందు అటిటు చూసి. వార్సాల అన్నిటికన్న మంచి చూపు ఎక్కడికెళ్లి? ఈ మేడ మీదికెళ్లి. ఎందుకంటే ఊరంతట్ల ఈ మేడ కనవడని జాగ ఇదొక్కటే. ఆ ఊర్ల అందరికి తెలిసిన ముచ్చటే, నీక్కూడ పోయినంక వారంలనే ఎవరో ఒకరు చెప్తరు. మొదటిసారి విన్నట్టే నవ్వు.

తూర్పుదిక్కు విస్తుల నది, దాని అవతల గుండ్రంగ ఒక స్టేడియం. యుద్ధంల కూలిన ఇండ్ల మట్టి, ఇటుకలు తోలుకపోయి కట్టలు పోసి చేసిండ్రట దాన్ని, మేడ తెరిచిన నాడే దాన్ని కూడ తెరిచిండ్రు. ఇప్పుడు దాని జాగల కొత్త స్టేడియం వచ్చింది. ఉత్తరం దిక్కు ఎర్ర పెంకుల ఇండ్లు గుంపుగ ఉంటయి, పాత పట్నం. చూస్తే నాలుగువందల ఏండ్ల కిందివి అనిపిస్తది. గని అన్ని 1944 తర్వాత కట్టినయే. బెలోత్తో అనే ఇటలీ చిత్రకారుడు ఎనకట రాజు కొలువుల ఉండి వార్సా వీధుల బొమ్మలు గీసిండు. ఆ బొమ్మలు, పాత కొలతల కాగితాలు ముంగట పెట్టుకొని కిటికీ కిటికీ మళ్ల నిలవెట్టిండ్రు. అవి కూడ కొత్తయే, ఈ మేడ కూడ కొత్తదే. దాదాపు ఒక్క ఈడువే. ఒకటేమో పానం, ఒకటేమో కంటిల నలుసు.

దిగినంక మేడ చుట్టూత ఒక చక్కర్ కొట్టినం. రాతి మనుషులు నిలవడి ఉంటరు గోడల గూళ్లల్ల. అండ్ల ఒక పోరడు చేతుల పుస్తకం పట్టుకొని ఉంటడు, పుస్తకం మీద మార్క్స్, ఎంగెల్స్, లెనిన్ పేర్లు చెక్కి ఉంటయి. లెనిన్ కింద రాయి చదునుగ ఉంటది. అండ్ల స్టాలిన్ పేరు ఉండె. ఆయన 1953 మార్చిల పోయిండు, మేడ పూర్తిగ కాకముందే. మేడకు ఆయన పేరే పెట్టిండ్రు. రెండుమూడేండ్లకే మాస్కోల గాలి మారింది, పేరు తీసేసిండ్రు, పుస్తకం మీద కూడ చెక్కేసిండ్రు. బెంగాలీ ఆయన చేతులు వెనుకకు కట్టుకొని దాన్ని చానసేపు చూసిండు. ఆయన ఇంట్ల కలకత్తాల గోడ మీద నలుగురి ఫోటోలు ఉన్నయట, నలుగురూ ఉన్నరట. నేనేం అనలే.

ఫోర్మన్ అదే దీపస్తంభం కాడ ఉన్నడు. పైనకెళ్లి మా జాగ కనవడ్డదా అని అడిగిండు. కనవడ్డది, బస్సులు నిలవెట్టి ఉన్నయి అని చెప్పిన. ఏ రంగువి అన్నడు. ఎర్రయి అన్న. తల ఊపి, ఆకలైతున్నది నడువుండ్రి అన్నడు.

ఇప్పటి సంగతులు ఫోన్ల చూస్తనే ఉంట. సర్కారు మారినంక దాన్ని కూలగొట్టాలె అని మంత్రులే అన్నరు. 2007 ల రక్షిత కట్టడాల పట్టీల ఎక్కిచ్చిండ్రు, ఇగ ఎవ్వరు ముట్టరు. నెత్తిన నాలుగు దిక్కుల గడియారాలు పెట్టిండ్రు. పైన డేగలు గూడు కట్టుకున్నయి, కింద నేలమాళిగల పిల్లులు ఉంటయి, ఎలుకలు రాకుంట పనోళ్లే సాదుతరు. పక్కపొంటి అద్దాల మేడలు మొలిచినయి, వర్సో అనేది ఒకటి 310 మీటర్లట. పక్కన నేల మీద ఇనుప పట్టీ ఒకటి పరిచిండ్రు, 1940 నుంచి 1943 దాంక యూదులను మూసిపెట్టిన గెట్టో గోడ ఆడికెళ్లే పోయింది. నడిచేటప్పుడు చూసి నడువు. నేను పోయిన్నాడు ఆ పట్టీ లేకుండె.

ఆనాడు తిన్నంక ఫోర్మన్ మమ్ములను అడగకుంటనే ఇంకో మేడ కాడికి తీసుకపోయిండు. నడిచే దూరమే. దాన్ని చూసేతందుకే ఆయన వార్సా వచ్చిండని అప్పుడు తెలిసింది. ప్రుడెన్షియల్ అని 16 అంతస్తులు, 66 మీటర్లు. 1933 ల అయిపోయింది. సౌధం పక్కన నిలవెడితే మోకాళ్ల కాడికి వస్తది. అప్పుడు మాత్రం దేశంల దానికి మించింది లేకుండె. లోపల ఉక్కు చట్రం, దాన్ని గీసినాయన స్తెఫాన్ బ్రివా. వెల్డింగు పని మనకు అన్నం పెట్టింది గద, అందుకే నాకు ఆ పేరు యాది ఉండిపాయె. ప్రపంచంల మొదటి వెల్డింగు రోడ్డు వంతెన ఆయన కట్టిందే, వార్సాకు పడమర మౌజిత్సె కాడ, 1929 ల. తిరుగుబాటు మొదటి దినం ఈ మేడ కొన మీద పోలండ్ జెండా ఎగిరింది. ఆగస్టు 28 నాడు జర్మనోళ్లు ఇంత లావు, రెండు టన్నుల మోర్టారు గుండు కొట్టిండ్రు. పొగ లేచిన ఫోటో ఉన్నది, చూస్తే ఇగ అయిపోయింది అనుకుంటవ్. గోడలు రాలినయి, గచ్చులు రాలినయి, ఉక్కు చట్రం మాత్రం కొంచెం వంగి నిలవడ్డది. బ్రివా దాన్ని చూడలే. 1943 డిసెంబర్‌లనే ఆయనను పట్టుకపోయి కాల్చిండ్రు.

నేను ఊకుండక అడిగిన. ఇది కూడ బయటోళ్లదే గద, లండన్ బీమా కంపెనీ పైసలతోని కట్టింది గద, దీని మీద ఇంత పావురం ఎందుకు, దాని మీద అంత కోపం ఎందుకు అని. దుబాసి పిల్ల అడగాల్నా వద్దా అని నా మొఖం చూసి, అడిగింది. ఫోర్మన్ గోడకు అరచెయ్యి ఆనిచ్చి ఉన్నడు. లండనోళ్లు కిరాయి అడిగిండ్రు, దండం పెట్టుమని అడగలే అన్నడు.

ఆయనతోని నేను తర్కం పెట్టుకోలే. పిల్ల కూడ ఏమనలే, గని వాపసు రైలు కాడికి పోయేటప్పుడు సౌధం కాడ బొమ్మలాట బోర్డు కనవడంగనే ఆమె కాళ్లు వాటంతటవే అటు తిరిగినయి. ఫోర్మన్ ఆగి నిలవడ్డడు, ఆమె చదివి వచ్చేదాంక.

నువ్వు పో బిడ్డా, రెండూ చూడు. మెట్రోల సెంత్రుమ్ స్టేషన్ల దిగితే సౌధం ఎదురుంగనే. తేటగ ఉన్న దినం చూసుకొని ఎక్కు, మఫ్లర్ మరువకు. పైనకెళ్లి ఉత్తరం తూర్పుల మూలకు చూస్తే ప్రుడెన్షియల్ ఉంటది. నేను పోయిన్నాడు కూడ అది హోటలే. నడుమ మూతవడి, బాగుచేసి 2018 ల మళ్ల తెరిచిండ్రు. ఇప్పుడు అయిదు చుక్కల హోటల్, లోపల ఆ ఉక్కు చట్రం కనవడేటట్టు ఇడిసిండ్రట. కాఫీ తాగాలె అనిపిస్తే ముందుగాల ధర చూసి కూసో.